దూలంలో దాగిన ఉక్కు రాడ్

దుబాయ్‌లో అల్ ఫహీదీ పాత ఇళ్లు చూడటానికి వెళ్లినప్పుడు మనందరి కళ్లూ గాలి గోపురాల మీదే ఉంటాయి. వాటి కింద నిలబడి ఫొటోలు దిగి, టీ తాగి వచ్చేస్తాం. ఈసారి వెళ్తే ఏదో ఒక గదిలోకి వెళ్లి పైకప్పు చూడండి. వరసగా పేర్చిన సన్నటి కర్రలు కనిపిస్తాయి. అవి మడ చెట్ల కర్రలు. మన కోరంగి అడవుల్లో ఉండే జాతికి దగ్గరివే. ఒకప్పుడు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో వచ్చేవి. ఇక్కడివాళ్లు వాటిని చందల్ అంటారు. ఇంటి కలప దొరికే అడవులు ఈ ఎడారిలో లేవు కాబట్టి, ఇంటి కప్పు కూడా సముద్రం దాటే రావాలి.

ఆ గదులను గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పొడవు ఎంతైనా ఉండవచ్చు కానీ, వెడల్పు మూడు నాలుగు మీటర్లు దాటదు. ఎందుకంటే కర్ర పొడవు అంతే! మన పల్లెల్లోనూ ఇదే లెక్క. దొరికిన టేకు మాను ఎంత పొడవుంటే దూలం అంత, దూలం ఎంతుంటే గది అంత. ఇంకా పెద్ద ఇల్లు కావాలంటే మధ్యలో స్తంభాలు నిలపాల్సిందే.

ఇప్పుడు 18 అంతస్తుల భవనాలను కూడా కలపతో కడుతున్నారు. చెట్టు అప్పటిదే, దాని నార అప్పటిదే. మారింది అతుకు. చెక్కను చెక్కకు జిగురుతో కలపడం మొదటి మెట్టు. ఆ చెక్కలోకి ఉక్కు రాడ్‌ను జిగురుతో దింపి, దాంతో దూలాన్ని స్తంభానికో పునాదికో కలపడం రెండో మెట్టు. ఈ వ్యాసం ఆ రెండో మెట్టు గురించి. ఇల్లు చూసుకునే నాకు ఇంజనీర్ల గొడవ ఎందుకని అడగవచ్చు. చదువుకున్న ఫిజిక్స్ మీద మక్కువ ఒక కారణం. రెండో కారణం మా అత్తవారి ఊళ్లో ఉన్న మండువా లోగిలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

చెట్టు హద్దు దాటిన దూలం

పలుచటి పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి, జిగురు రాసి, గట్టిగా నొక్కి ఆరబెడితే ఒక పెద్ద దూలం తయారవుతుంది. దీన్ని గ్లూలామ్ అంటారు. జర్మనీలోని వైమార్‌కు చెందిన ఓటో హెట్జర్ 1906లో వంపు తిరిగిన గ్లూలామ్ దూలాలకు పేటెంట్ తీసుకున్నాడు. ఈ పద్ధతిలో లాభం పొడవు ఒక్కటే కాదు. ఒక చెట్టులో ముడి ఉన్నచోట బలం తగ్గుతుంది. పది పలకలు కలిపితే ఒక పలకలోని ముడి పక్కన రెండో పలకలోని మంచి చెక్క ఉంటుంది. లోపాలు ఒకేచోట పోగుపడవు.

ఎక్స్‌పో 2020కి వెళ్లినవాళ్లకు స్వీడన్ పెవిలియన్ గుర్తుండే ఉంటుంది. అడవిలో నడుస్తున్నట్టుగా పొడవాటి మానుల మధ్య నడిచాం. ఈ ఎండల దేశంలోనూ కలప కట్టడం నిలబడుతుందని చాలామందికి అక్కడే తెలిసింది.

అంతకంటే పెద్ద ఉదాహరణ కెనడాలో ఉంది. మన పిల్లలు చాలామంది చదువుకి వెళ్లే వాంకూవర్‌లో, యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలో బ్రాక్ కామన్స్ అనే విద్యార్థుల హాస్టల్ ఉంది. 18 అంతస్తులు, 53 మీటర్ల ఎత్తు. 2017లో విద్యార్థులు అందులోకి వచ్చారు. లిఫ్ట్, మెట్లు ఉన్న భాగం కాంక్రీటు. పై అంతస్తులను మోసేవి కలప స్తంభాలు. ఒక అంతస్తు స్తంభం పై అంతస్తు స్తంభాన్ని ఉక్కు ముక్కల ద్వారా కలుసుకుంటుంది. ఆ ఉక్కు ముక్కలను స్తంభం కొనకు పట్టి ఉంచేవి, చెక్కలోకి ఎపాక్సీ జిగురుతో దింపిన మరలున్న రాడ్లు. బయటికి అవేవీ కనపడవు. ఎక్కడో మన పాప నిద్రపోయే గది కింద అవి తమ పని తాము చేసుకుపోతుంటాయి.

బలమంతా అతుకు దగ్గరే

కలప కట్టడం గురించి చదివినకొద్దీ ఒక మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. దూలం సాధారణంగా మధ్యలో విరగదు, అతుకు దగ్గర పోతుంది. నార్వేలో ట్రెటెన్ అనే ఊళ్లో 2012లో ప్రారంభించిన వంతెన 2022 ఆగస్టు 15న ఒక లారీ, ఒక కారు మీదుండగానే నదిలో కూలింది. డ్రైవర్లిద్దరూ బతికి బయటపడ్డారు. అది గ్లూలామ్, ఉక్కు కలిపి కట్టిన వంతెన. విచారణలో తేలిందేమిటంటే, కలప అతుకుల్లో ఒకటి తెగిపోయింది. అక్కడ వాడింది జిగురు రాడ్లు కావు. ఉక్కు పలకలను చెక్కలోకి దూర్చి, అడ్డంగా సీలలు కొట్టే పద్ధతి. అయినా పాఠం ఒకటే.

ఎందుకిలా? కలప స్వభావం తెలిస్తే అర్థమవుతుంది. కట్టెలు కొట్టడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దుంగను నిలబెట్టి గొడ్డలితో ఒక్క దెబ్బ వేస్తే రెండుగా చీలుతుంది. అదే దుంగను అడ్డంగా నరకాలంటే చెమటలు పడతాయి. నార వెంట లాగితే కలప ఎంతో బలమైనది. నారకు అడ్డంగా లాగితే ఆ బలంలో సుమారు నలభయ్యో వంతే మిగులుతుంది. మేకులు, బోల్టులు, సీలలు అన్నీ ఏదో ఒకచోట చెక్కను అడ్డంగా చీల్చాలనే చూస్తాయి. పైగా వాటి కోసం వేసిన ప్రతి బెజ్జం కొంత చెక్కను తినేస్తుంది.

జిగురు రాడ్ ఆలోచన ఇక్కడ పుట్టింది. నార వెంటే లోతుగా బెజ్జం వేసి, అందులో రాడ్ దింపి, చుట్టూ జిగురు నింపితే, బరువు ఒక్క సీల దగ్గర పడకుండా రాడ్ పొడవునా చెక్కకు చేరుతుంది. రాడ్ లోపలే ఉంటుంది కాబట్టి చూడటానికీ బాగుంటుంది, మంటల్లోనూ కొంత రక్షణ ఉంటుంది. మంటల్లో కలప నిమిషానికి ముప్పావు మిల్లీమీటరుకు కాస్త తక్కువగా లోపలికి బొగ్గవుతూ పోతుంది. అంటే అరగంటకు సుమారు రెండు సెంటీమీటర్లు. ఆ లోపలున్న చెక్క, దాంట్లోని జిగురు అప్పటికి చల్లగానే ఉంటాయి. ఉక్కు బయటికి పొడుచుకుని ఉంటే మాత్రం వేడిని తనే లోపలికి మోసుకెళ్తుంది.

పని ఎలా జరుగుతుంది

చెప్పడానికి సులువే. రాడ్ కంటే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు పెద్దగా బెజ్జం వేస్తారు. లోపలి పొట్టును గాలితో ఊది శుభ్రం చేస్తారు. రాడ్‌కు ఉన్న నూనె జిడ్డు తుడుస్తారు. రాడ్ ఒక పక్కకు ఒరగకుండా సరిగ్గా మధ్యలో నిలిచేలా చూస్తారు. అడుగున ఒక చిన్న రంధ్రం, పైన ఒక చిన్న రంధ్రం పెట్టి, కింద నుంచి జిగురు ఎక్కిస్తారు. పైరంధ్రం లోంచి జిగురు బయటికి వచ్చిందంటే లోపల గాలి బుడగలు మిగల్లేదన్నమాట. తర్వాత అది గట్టిపడే దాకా ఎవరూ కదపకూడదు.

రాడ్‌కు మరలు ఎందుకు? నున్నటి ఉక్కుకు జిగురు పట్టుకోవడం మీద ఆధారపడలేం. మరల మధ్య సందుల్లోకి జిగురు దూరి గట్టిపడితే, అది నట్టు లాగా రాడ్‌ను పట్టేస్తుంది. అటువైపు చెక్క, జిగురు కలిసేచోట పట్టు వేరే రకం. జిగురు చెక్క కణాల్లోకి కొంచెం ఇంకి ఆరుతుంది. పని బాగా జరిగినప్పుడు ఈ అతుకును లాగి తెంపితే జిగురు తెగదు. దాని చుట్టూ ఉన్న పలుచటి చెక్క పొర తెగుతుంది. రాడ్ చెక్కను అంటించుకుని బయటికి వస్తుంది. అంటే జిగురు చెక్కకంటే బలంగా ఉందని అర్థం. ఇంజనీర్లు చూడాలనుకునేది అదే.

ఇంకో జాగ్రత్త. రాడ్‌ను అంచుకు మరీ దగ్గరగా పెడితే చెక్క చీలుతుంది. లాగే బరువు మోసే రాడ్‌కు, దూలం అంచుకు మధ్య కనీసం రాడ్ మందానికి రెండున్నర రెట్లు, రాడ్‌కు రాడ్‌కు మధ్య ఐదు రెట్లు దూరం ఉంచడం వాడుకలో ఉన్న నియమం.

రాడ్ పొడవు రెట్టింపైతే బలం రెట్టింపవుతుందా?

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఈ ప్రశ్నే. మామూలుగా ఆలోచిస్తే కావాలి. జిగురు తగిలే చోటు రెట్టింపు కదా! కానీ కాదు.

జర్మనీ ప్రమాణాల్లో వాడే అంకెలతో ఒక చిన్న లెక్క చేసి చూశాను. 16 మిల్లీమీటర్ల మందం ఉన్న రాడ్‌ను చెక్కలో 25 సెంటీమీటర్ల లోతు దింపితే జిగురు అతుకు సుమారు 5 టన్నుల లాగుడు తట్టుకుంటుంది. 50 సెంటీమీటర్లు దింపితే 10 టన్నులు రావాలి కదా, వచ్చేది 7 టన్నులే. ఒక మీటరు దింపితే, అంటే పొడవు నాలుగు రెట్లు చేస్తే, బలం రెండు రెట్లయి 10 టన్నుల దగ్గర ఆగుతుంది. ఇవి పరీక్షల్లో వచ్చే బలానికి సంబంధించిన అంకెలు. నిజంగా కట్టేటప్పుడు బరువు ఎంతకాలం ఉంటుంది, తేమ ఎంత అన్నవి చూసి వీటిని ఇంకా తగ్గించి వాడతారు.

కారణం కుట్టుపని తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది. బిగుతైన జాకెట్టు చంక దగ్గర విడిపోయేటప్పుడు కుట్టు మొత్తం ఒక్కసారిగా తెగదు. లాగుడంతా చివరి కుట్టు మీద పడుతుంది. అది తెగితే పక్కది, అది తెగితే దాని పక్కది. రాడ్ దగ్గరా అంతే. ఉక్కు, చెక్క రెండూ లాగితే సాగుతాయి, కానీ ఒకే తీరుగా సాగవు. ఆ తేడా అంతా జిగురు రెండు కొనల దగ్గర పోగవుతుంది. మధ్యలోని జిగురు తీరిగ్గా కూర్చుంటుంది. 1938లో ఫోల్కెర్సెన్ అనే జర్మన్ ఇంజనీరు అతుకుల్లో ఈ పంపకం ఎలా ఉంటుందో లెక్కకట్టి చూపించాడు. ఇవాళ్టి లెక్కలకూ అదే పునాది.

లెక్క కుదిరినా ప్రమాణాలు కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. యూరప్ దేశాల ఉమ్మడి ప్రమాణం ముసాయిదాలో 2003లో ఈ అతుకు లెక్కను చేర్చారు. తుది ప్రతిలో తీసేశారు. ఒక్కో దేశంలో పరీక్ష ఫలితాలు ఒక్కోలా రావడంతో అందరూ ఒప్పుకునే సూత్రం తేలలేదు. గ్లూలామ్ వంటి కలపలో దింపే రాడ్లను ఎలా పరీక్షించాలో చెప్పే యూరోపియన్ ప్రమాణం 2021లో వచ్చింది.

ముందు ఏది లొంగాలి?

అదే 16 మిల్లీమీటర్ల రాడ్‌కు రెండు రకాల ఉక్కు ఊహించుకోండి. మామూలు మెత్తటి రకం సుమారు 3.8 టన్నుల దగ్గర సాగడం మొదలుపెట్టి, 6.4 టన్నుల దగ్గర తెగుతుంది. ఎక్కువ బలమున్న రకం 10 టన్నుల దాకా సాగనే సాగదు. ఏది కొనాలి? అంగట్లో అడిగితే బలమైనదే మంచిదంటారు.

చెక్కలో 25 సెంటీమీటర్లు దింపిన రాడ్ అతుకు 5 టన్నులకు ఊడుతుందని అనుకున్నాం కదా. బలమైన రాడ్ పెడితే 5 టన్నుల దగ్గర జిగురు పక్కనున్న చెక్క ఒక్కసారిగా తెగి, ఏ హెచ్చరికా లేకుండా రాడ్ బయటికి వస్తుంది. మెత్తటి రాడ్ పెడితే 3.8 దగ్గరే ఉక్కు సాగుతుంది. కప్పు కొంచెం కుంగుతుంది, పగుళ్లు కనిపిస్తాయి, తలుపు బిగుసుకుంటుంది. ఇంట్లోవాళ్లు గమనించి బయటికి రావడానికో, మేస్త్రిని పిలవడానికో సమయం దొరుకుతుంది. అందుకే మంచి ఇంజనీరు జిగురును, చెక్కను ఉక్కుకంటే బలంగా ఉంచి, ముందు ఉక్కే లొంగేలా కొలతలు వేస్తాడు. ప్రెషర్ కుక్కర్‌లో సేఫ్టీ వాల్వ్ ముందు కరగాలి, మూత ఎగరకూడదు. ఇదీ అంతే.

2006లో రెండు దుర్ఘటనలు

జిగురు మీద నమ్మకం ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పే సంఘటనలు రెండు ఒకే ఏడాది జరిగాయి.

2006 జనవరి 2న జర్మనీలోని బాడ్ రైషెన్‌హాల్‌లో మంచు మీద స్కేటింగ్ చేసే హాలు కప్పు కూలింది. పదిహేను మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. 1970ల మొదట్లో కట్టిన ఆ కప్పు కలప దూలాలను అతికించడానికి యూరియా రకం జిగురు వాడారు. పొడి చోట అది బాగానే ఉంటుంది, తేమలో ఏళ్ల తరబడి ఉంటే బలం కోల్పోతుంది. మంచు హాల్లో తేమకేం కొదవ? లెక్కల్లో తప్పులు, తనిఖీల్లో లోపాలు దానికి తోడయ్యాయి. ఆ రోజు కప్పు మీద కురిసిన మంచు చివరి బరువైంది.

అదే ఏడాది జూలై 10న అమెరికాలోని బోస్టన్‌లో సొరంగ రోడ్డు కప్పుకు వేలాడదీసిన కాంక్రీటు పలకలు ఒక కారు మీద పడి ఒక మహిళ చనిపోయింది. ఇక్కడ కలప లేదు. కాంక్రీటులో బెజ్జాలు వేసి ఎపాక్సీతో దింపిన రాడ్లు ఆ పలకలను మోసేవి. మన అంశానికి ఇది సొంత చెల్లెలు లాంటి కేసు. విచారణలో తేలిందేమిటంటే, త్వరగా గట్టిపడే రకం ఎపాక్సీ వాడారు. కాసేపు లాగి చూస్తే అది బలంగానే ఉంటుంది. రాత్రింబవళ్లు వేలాడే బరువుకు మాత్రం నెమ్మదిగా జారుతూ పోతుంది. ఫిజిక్స్‌లో దీన్ని క్రీప్ అంటారు. వంటింటి ప్లాస్టిక్ అల్మారాలో ఆవకాయ జాడీ పెట్టినరోజు అర నిటారుగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత చూస్తే మధ్యలో వంగి ఉంటుంది. బరువు పెరగలేదు, కాలం పెరిగింది.

రెండు సంఘటనల్లోనూ జిగురు మొదటి రోజు గట్టిగానే ఉంది. మొదటి రోజు పరీక్ష పాసైతే సరిపోదని అవి చెబుతున్నాయి. ఆ చోటు తేమలో, ఆ చోటు వేడిలో, ఎప్పుడూ ఉండే బరువు కింద అది పదేళ్లు, యాభయ్యేళ్లు ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

ఎమిరేట్స్ ఎండ, మన ఏసీ

మనం ఉండే చోట వేడి సంగతి వేరే చెప్పాలా? గది ఉష్ణోగ్రతలో గట్టిపడే సాధారణ ఎపాక్సీలు చాలావరకు 50 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కడో గాజులాంటి గట్టిదనం పోయి రబ్బరులా మెత్తబడటం మొదలవుతుంది. జూలై మధ్యాహ్నం నీడలోనే 45 దాటుతుంది. ఎండ తగిలే ఇనుప పలక అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. చెక్క మధ్యలో దాగిన రాడ్‌కు చెక్కే గొడుగు. వేడి లోపలికి నెమ్మదిగా వెళ్తుంది. బయటికి కనిపించే ఇనుప పాదానికి ఆ రక్షణ లేదు. విల్లాల్లో పెరట్లో పెర్గోలా వేయించుకునేవాళ్లు, దానికి పిల్లల ఊయల వేలాడదీసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ వాడే జిగురు ఎంత వేడి దాకా పనికొస్తుందో దాని వివరాల కాగితం మీదే రాసి ఉంటుంది. అడిగి చూడటం మన హక్కు.

రెండోది తేమ. ఊరి నుంచి టేకు పూజామందిరం తెచ్చుకున్న చాలా ఇళ్లలో ఏడాది తిరిగేసరికి తలుపు పలకల మధ్య సందు పడుతుంది. వడ్రంగి మోసం చేశాడని తిట్టుకుంటాం. పాపం, అతని తప్పేం లేదు. గోదావరి వర్షాకాలంలో చెక్కలో నీటి శాతం 15 దాకా ఉంటుంది. ఏసీ గదిలో అది ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. నలభై సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలక ఈ మార్పుకే నాలుగైదు మిల్లీమీటర్లు ముడుచుకుపోగలదు. అదీ అడ్డంగానే, నార వెంట దాదాపు ఏమీ మారదు. దూలంలో ఉక్కు రాడ్ ఉంటే చెక్క ముడుచుకుంటుంది, ఉక్కు ముడుచుకోదు. చెక్క తడిగా ఉండగా రాడ్ దింపి తర్వాత ఆరనిస్తే, అతుకు వెంట పగుళ్లు రావడం ఖాయం. కలప ఏ తేమలో జీవించబోతోందో ఆ తేమకు ముందే అలవాటు పడాలి. కొత్తగా వచ్చిన కోడలికి ఇంటి నీళ్లు పడాలంటారే, అలాగన్నమాట.

మా లోగిలి దూలాలు

ఇక మా ఇంటి సంగతి. కోనసీమలో మా మామయ్యగారి తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉంది. పడమటి గదిలో రెండు టేకు దూలాల కొనలు గోడలోపల పుచ్చిపోయాయి. చేవదేరిన టేకే, చెదలు ముట్టలేదు. పెంకులు పగిలి, ఏళ్ల తరబడి వాన నీరు సరిగ్గా గోడలోకి దిగడమే కారణం. దూలం మిగతా భాగం సుత్తితో కొడితే గంటలా మోగింది. కొనలు మాత్రం మెత్తటి చప్పుడు చేశాయి.

మా బావగారు పడగొట్టి స్లాబు ఇల్లు వేద్దామన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అందరం విదేశాల్లో ఉన్నాం, ఆ ఇల్లు చూసేదెవరు? మా అత్తయ్యగారు మాత్రం "దూలం కొన పుచ్చితే ఇల్లంతా ఎందుకమ్మా తీసేయడం?" అన్నారు. ఆ ప్రశ్నకు ప్రపంచంలో నిజంగానే జవాబు ఉంది. యూరప్‌లో పాత చర్చీలు, కోటల్లో 1970ల నుంచి చేస్తున్న పని ఇదే. పుచ్చిన కొన కోసేసి, అదే జాతి కొత్త కలప ముక్క పెట్టి, పాత కొత్త చెక్కలను రాడ్లతో, ఎపాక్సీతో కలుపుతారు. గోడ దగ్గర దూలం మీద వంచే ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ అతుకు వేయవచ్చు. దూలం మధ్యలో అయితే లెక్క వేరు.

మరమ్మతులు చేసే ఒకరు మూడు రోజుల్లో పూర్తి చేస్తామన్నారు. గంటలో గట్టిపడే జిగురు వాడతామని గొప్పగా చెప్పారు. బోస్టన్ గురించి చదివి ఉన్నాను కాబట్టి ఆ మాట నన్ను ఆపింది. ఫోన్‌లోనే అడిగాను. ఎప్పుడూ ఉండే బరువు కింద ఈ జిగురును పరీక్షించిన కాగితం ఉందా? టేకు మీద వాడారా? సమాధానం రాలేదు. బావగారితో మాట్లాడి, ఆ పని ఆపించి, పాత కట్టడాలు చూసే ఒక ఇంజనీరును పిలిపించాం.

ఆయన మొదట చెప్పింది జిగురు గురించి కాదు, పెంకుల గురించి. నీరు దిగడం ఆగకపోతే ఏ అతుకైనా వృథా అన్నారు. రెండోది, టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదలు రాకుండా కాపాడేదీ అదే, జిగురు పట్టకుండా అడ్డం పడేదీ అదే. అందుకని కోసి తీసేసిన దూలం ముక్కల్లోనే మూడు రాడ్లు దింపి, వారం ఆగి, జాకీతో లాగి చూశారు. రెండు రాడ్లు చెక్క పొరను అంటించుకుని వచ్చాయి. మూడోది నున్నటి జిగురుతో వచ్చేసింది, ఒక్క నార అంటలేదు. అంటే అక్కడ జిగురు టేకును పట్టలేదు. బెజ్జం వేసిన రోజే ద్రావకంతో తుడిచి, వెంటనే జిగురు ఎక్కించాలని పద్ధతి మార్చి మళ్లీ పరీక్షించారు. ఈసారి మూడూ చెక్కతోనే వచ్చాయి.

చివరికి ఒక దూలానికే రాడ్ల అతుకు వేశారు. రెండోదానిలో పుచ్చు లోపలికి ఎక్కువ పాకింది. దానికి గోడ పక్కన ఉక్కు ఆనిక పెట్టారు. చూపుకి అంత బాగోదు కానీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు కంటితో చూసి తనిఖీ చేయవచ్చు. రెండు నిర్ణయాలూ సరైనవేనని నాకనిపించింది. దాచిన అతుకు అందంగా ఉంటుంది. కానీ దాచాలంటే ముందు పరీక్షించి ఉండాలి.

మీ ఇంటికి ఎవరైనా జిగురు రాడ్ వేస్తామంటే

ఊళ్లో పాత ఇల్లయినా, ఇక్కడ పెర్గోలా అయినా, ఈ ప్రశ్నలు అడగండి. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

ఈ జిగురు కలపలో రాడ్ల కోసం తయారైనదేనా, కాంక్రీటు కోసం చేసినదా?

ఎప్పుడూ ఉండే బరువు కింద దీన్ని పరీక్షించారా? ఎంత వేడి దాకా పనికొస్తుంది?

కలపలో తేమ శాతం కొలిచారా? ఆ పరికరం చేతిలో ఇమిడేదే, ఖరీదైనదేం కాదు.

అదే కలపలో ఒకటి రెండు రాడ్లు దింపి లాగి చూపిస్తారా? ఊడి వచ్చిన రాడ్‌కు చెక్క అంటిందా లేదా?

బరువు ఎక్కువైతే ముందు ఏది లొంగుతుంది? "ఉక్కు" అనే జవాబు వస్తే లెక్క చూసిన మనిషే. "ఏదీ లొంగదు" అంటే ఇంకొకరిని వెతుక్కోండి.

చివరగా, జిగురు గట్టిపడే దాకా ఎన్ని రోజులు కదపకుండా ఉంచుతారు? వేసవిలో, చలికాలంలో ఆ గడువు వేరువేరుగా ఉంటుంది.

మన ఇళ్లలో ఆడవాళ్లు పాలవాడి నుంచి స్కూలు ఫీజు దాకా ప్రతిదానికీ లెక్క అడుగుతారు. దూలం దగ్గరికి వచ్చేసరికి అది మగవాళ్ల పని, మేస్త్రీల పని అని పక్కకు జరుగుతాం. ఆ దూలం కింద పడుకునేది మనమూ, మన పిల్లలూ. కనపడని రాడ్ మీద ఇల్లు నిలబెట్టడం తప్పేం కాదు. దాన్ని దింపేముందు ఎవరో ఒకరు కళ్లతో చూసి, చేత్తో లాగి, కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం చూపించమని అడిగేది మనమే ఎందుకు కాకూడదు?